కంటైనర్ తీసేశాక ఘోస్ట్‌లో రాసిన వ్యాసాలు కనబడడం లేదు, తిరిగి వస్తాయా?

కావలి_మాస్టారు

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఉంటాను. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, కంటైనర్ అనే మాట వింటే నాకు మొన్నమొన్నటి దాకా కృష్ణపట్నం రేవు దారిలో లారీల మీద కనిపించే ఇనుప పెట్టెలే గుర్తుకు వచ్చేవి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు తన పాత మినీ కంప్యూటర్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టం వేసి, ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ కూడా పెట్టి నాకు ఇచ్చి వెళ్లాడు. దానికి 8 జీబీ మెమరీ ఉంది. ఒక వీడియోలో చూపిన ఒకే ఒక్క ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. వ్యాసాల సైటును నడిపే ఘోస్ట్ అనే ప్రోగ్రాము 2368 పోర్టులో, అంటే కంప్యూటర్‌లో ఆ సంఖ్య గల తలుపు దగ్గర, తెరుచుకుంది. రెండు నెలల పాటు అందులో 14 వ్యాసాలు రాసుకున్నాను. బకింగ్‌హాం కాలువలో పడవలు నడిచిన రోజుల గురించి మా నాన్నగారు చెప్పిన సంగతులు, ఉదయగిరి కోట ఎక్కిన వైనం, మా వైపు రైతుల నోట మాత్రమే వినిపించే మాటలు అందులో ఉన్నాయి.

పోయిన వారం గాలివానకు రాత్రంతా కరెంటు లేదు. తెల్లవారి కంప్యూటర్ వేస్తే పేజీ తెరుచుకోలేదు. ‘డాకర్ పీఎస్’ అని అడిగితే ఏమీ చూపలేదు. మళ్లీ అదే ఆదేశం కొడితే ఆ పేరుతో కంటైనర్ ఇప్పటికే ఉందని అన్నది. పాతదాన్ని ‘డాకర్ ఆర్ఎమ్ మైనస్ ఎఫ్’ అని తీసేసి మళ్లీ కొట్టాను. ఈసారి తెరుచుకున్నది గానీ, నా వ్యాసాల చోట సైటు పేరేమిటి, మీ ఈమెయిల్ ఏమిటి అని అడిగే తొలినాటి పేజీ కనిపించింది. గుండె గుభేలుమంది.

నా మొదటి ప్రశ్న, ఆ 14 వ్యాసాలు ఎక్కడైనా మిగిలి ఉంటాయా అన్నది. రెండోది, ఇకనైనా పద్ధతిగా ఉండాలని కంటైనర్ల వివరాలన్నీ ఒకచోట రాసే కంపోజ్ ఫైలు రాసి, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ కూడా పెట్టబోతే, ఘోస్ట్ ఆగకుండా ‘రీస్టార్టింగ్’ అంటూనే ఉంది. దాని లాగ్ (పని చిట్టా) చూస్తే 127.0.0.1:3306 దగ్గర కనెక్షన్ నిరాకరించారని ఉంది. పాస్‌వర్డ్ తప్పేమోనని ఫైలులో మార్చాను, ఏమీ మారలేదు. మూడోది, ఇంట్లో ఉన్న ఈ కంప్యూటర్ నుంచే బయటివారు చదివేలా చేయడం కుదురుతుందా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

చీమకుర్తి_నల్లరాయి

మాస్టారికి నమస్కారం. నేను ఒంగోలులో ఒక సంస్థకు సర్వర్లు చూసుకుంటాను. ముందుగా ఒక మాట. ఈ జవాబు పూర్తిగా చదివేవరకు ఆ కంప్యూటర్‌లో ‘ప్రూన్’ (వాడకంలో లేనివాటిని తుడిచేసేది) అన్న పదం ఉన్న ఆదేశం ఏదీ కొట్టకండి. డిస్కు ఖాళీ చేసుకోవచ్చని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. మీ వ్యాసాలు పోలేదనే నా నమ్మకం, కానీ అవి ఇప్పుడు ఉన్న చోట ఆ ఆదేశం పడితే నిజంగానే పోతాయి.

జరిగింది ఇదీ. కంటైనర్ అనేది అద్దె గది లాంటిది, ఖాళీ చేయించిన రోజున అందులో గోడ మీద రాసుకున్నవన్నీ సున్నం కింద పోతాయి. అయితే ఘోస్ట్ అధికారిక ఇమేజ్‌ను (కంటైనర్‌ను తీసే అచ్చును) తయారుచేసినవారు ‘కంటెంట్’ ఫోల్డర్‌ను వాల్యూమ్‌గా, అంటే కంటైనర్ పోయినా మిగిలే నిల్వ చోటుగా, ప్రకటించి పెట్టారు. అంటే మీరు అడగకపోయినా డాకర్ ఆ ఫోల్డర్ కోసం కంటైనర్‌కు బయట ఒక పేరులేని వాల్యూమ్ తయారు చేసి, వ్యాసాలను, బొమ్మలను అందులో ఉంచుతుంది. పేరులేనిది అంటున్నాను గానీ దానికి 64 అక్షరాల గజిబిజి పేరు ఒకటి ఉంటుంది. మీరు ‘ఆర్ఎమ్’ దగ్గర మైనస్ ఎఫ్ మాత్రమే కొట్టారు, మైనస్ వీ కొట్టలేదు. అందువల్ల కంటైనర్ పోయింది, వాల్యూమ్ అనాథగా మిగిలింది. రెండోసారి ఆదేశం కొట్టినప్పుడు కొత్త కంటైనర్ పాతదాని జోలికి పోకుండా తనకోసం మరో కొత్త వాల్యూమ్ తెచ్చుకుంది. మీకు తొలినాటి పేజీ కనిపించడానికి కారణం అదే.

నిజానికి ఆ ఉదయం కంటైనర్‌కు ఏ జబ్బూ లేదు. ‘డాకర్ పీఎస్’ నడుస్తున్నవాటినే చూపిస్తుంది. ఆగి ఉన్నవి కూడా కనబడాలంటే చివర మైనస్ ఏ తగిలించాలి. కరెంటు పోయి వచ్చాక తిరిగి లేవమని మనం ముందే చెప్పి ఉండకపోతే కంటైనర్ దానంతట అది లేవదు. ‘డాకర్ స్టార్ట్’ అని పేరు చెప్పి ఉంటే సరిపోయేది. వీడియోలు చేసేవారు ఈ సంగతి ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు చేయవలసిన పని. కొత్త కంటైనర్‌ను ఆపండి చాలు, తీసేయకండి. ‘డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్’కు ‘డాంగ్లింగ్ ఈక్వల్ ట్రూ’ అనే ఫిల్టర్ తగిలిస్తే, ఏ కంటైనర్‌కూ చెందని వాల్యూములు మాత్రమే కనిపిస్తాయి. కొత్త సైటు వాల్యూమ్ దాని కంటైనర్‌కు అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఈ జాబితాలోకి రాదు, పాతది వస్తుంది. దాని పేరుతో ‘డాకర్ వాల్యూమ్ ఇన్‌స్పెక్ట్’ అని అడిగితే డిస్కు మీద అది ఎక్కడ ఉందో ‘మౌంట్‌పాయింట్’ అనే వరుసలో చెబుతుంది. అక్కడికి సుడోతో (నిర్వాహకుడి అధికారంతో) వెళ్లి చూడండి. ‘ఇమేజెస్’ ఫోల్డర్‌లో సంవత్సరం, దాని లోపల నెల చొప్పున మీరు ఎక్కించిన బొమ్మలు ఉంటే అదే మీ వాల్యూమ్. ‘డేటా’ ఫోల్డర్‌లో చుక్క డీబీతో ముగిసే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు ఉంటుంది, మీ 14 వ్యాసాలూ ఆ ఒక్క ఫైలులో ఉంటాయి.

దొరికిన సంబరంలో వెంటనే దాన్ని ఘోస్ట్‌తో తెరవకండి. ముందుగా ఆ మొత్తం ఫోల్డర్‌ను ‘సీపీ మైనస్ ఏ’తో మీ హోం ఫోల్డర్‌లోకి నకలు తీయండి. మైనస్ ఏ ఎందుకంటే, కంటైనర్ లోపల ఘోస్ట్ 1000 అనే సంఖ్య గల వాడుకరిగా నడుస్తుంది. ఫైళ్ల యాజమాన్యం మారిపోతే అది వాటిలో రాయలేక మొరాయిస్తుంది. ఆ తర్వాత మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్న అదే ఇమేజ్‌తో, కొత్తదాన్ని దించకుండా, నకలును ‘కంటెంట్’ చోట తగిలించి ఒక తాత్కాలిక కంటైనర్ లేపండి. కొత్త వెర్షన్‌తో తెరిస్తే అది డేటాబేస్‌ను తన పద్ధతికి మార్చేసుకుంటుంది, వెనక్కి రావడానికి దారి ఉండదు. లోపలికి వెళ్లాక సెట్టింగ్స్‌లో ఎగుమతి చేసుకుంటే వ్యాసాలన్నీ ఒక జేసన్ ఫైలుగా వస్తాయి. బొమ్మలు అందులో రావు. ‘ఇమేజెస్’ ఫోల్డర్‌ను వేరుగా తీసుకోవాలి.

కావలి_మాస్టారు

బాబూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. జాబితాలో మూడు వాల్యూములు కనిపించాయి. రెండు ఖాళీగా ఉన్నాయి, మూడోదాని ‘ఇమేజెస్’ లోపల ఉదయగిరి కోట ఫొటోలు ఉన్నాయి! నకలు తీశాను, తాత్కాలిక కంటైనర్ లేపాను, సైటు మొదటి పేజీలో వ్యాసాల పేర్లన్నీ కనిపిస్తున్నాయి. అయితే నిర్వహణ పేజీలోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ తీసుకున్నాక, ఈమెయిల్‌కు ఒక కోడ్ పంపాలని ప్రయత్నించి, పంపలేకపోయానని ఆగిపోతోంది. నేను ఈమెయిల్ సంగతే పెట్టుకోలేదు. ఇల్లు కనబడుతున్నా తాళం రాకపోయినట్టుంది నా పరిస్థితి.

పెన్నాతీరం

మాస్టారూ, ఆ తాళం సంగతి నేను చెబుతాను, నాకూ అదే జరిగింది. ఘోస్ట్ ఇటీవలి వెర్షన్లలో కొత్త పరికరం నుంచి ఎవరైనా లోపలికి వస్తే ఈమెయిల్‌కు కోడ్ పంపి ధ్రువీకరించుకునే ఏర్పాటు వచ్చింది. మంచి ఏర్పాటే గానీ, ఈమెయిల్ సెట్టింగులు లేనివారిని గుమ్మం బయట నిలబెడుతుంది. తాత్కాలిక కంటైనర్ లేపేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ విలువల్లో (కంటైనర్‌కు బయటినుంచి ఇచ్చే సెట్టింగుల్లో) ‘సెక్యూరిటీ’, తర్వాత రెండు అండర్‌స్కోర్లు, తర్వాత ‘స్టాఫ్ డివైస్ వెరిఫికేషన్’ అని ఖాళీల్లేకుండా, మొదటి మాట తప్ప మిగతా మాటల తొలి అక్షరాలు పెద్దవిగా రాసి దానికి ‘ఫాల్స్’ అని విలువ ఇవ్వండి. వ్యాసాలు ఎగుమతి చేసుకునేంతవరకు ఇది చాలు. సైటు బయటివారికి తెరిచే రోజున మాత్రం ఈమెయిల్ సర్వర్ వివరాలు పెట్టి దీన్ని తిరిగి ఆన్ చేయండి. పాస్‌వర్డ్ మరిచిపోయినా ఈమెయిలే దిక్కు.

ఇక మీ రెండో ప్రశ్న. 127.0.0.1 అంటే ‘నేనే’ అని అర్థం. ఘోస్ట్ కంటైనర్ లోపల నిలబడి ఆ చిరునామా పలికితే అది ఘోస్ట్ కంటైనర్‌నే సూచిస్తుంది గానీ మీ కంప్యూటర్‌ను కాదు, పక్కనున్న మైఎస్‌క్యూఎల్ కంటైనర్‌ను అసలే కాదు. అక్కడ 3306 దగ్గర ఎవరూ లేరు కాబట్టి నిరాకరణ వచ్చింది. కంపోజ్ ఫైలులో మీరు డేటాబేస్ సేవకు ఏ పేరు పెట్టారో, ఉదాహరణకు ‘డీబీ’ అని పెట్టి ఉంటే, హోస్ట్ విలువగా ఆ ‘డీబీ’ అన్న పేరే ఇవ్వాలి. ఆ పేరును సరైన చిరునామాకు చేర్చే పని డాకర్ తన లోపలి నెట్‌వర్క్‌లో చూసుకుంటుంది. ఇక్కడ కూడా ‘డేటాబేస్’, ‘కనెక్షన్’, ‘హోస్ట్’ అనే మూడు మాటల మధ్య రెండేసి అండర్‌స్కోర్లు ఉండాలి. ఒక్కటే పెడితే ఘోస్ట్ కోప్పడదు, పట్టించుకోదు, మనమే గంటల తరబడి తల పట్టుకోవాలి.

పాస్‌వర్డ్ సంగతి ఇంకో రకం చిక్కు. మైఎస్‌క్యూఎల్ ఇమేజ్ మీరు ఫైలులో రాసిన పాస్‌వర్డ్‌ను తన డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే చదువుతుంది. ఆ తర్వాత ఫైలులో మీరు ఎన్నిసార్లు మార్చినా డేటాబేస్‌లో ఉన్నది తొలినాటి పాస్‌వర్డే. హోస్ట్ పేరు సరిదిద్దగానే మీకు ఈసారి ‘యాక్సెస్ డినైడ్’ అని రావచ్చు, కంగారు పడకండి. మీ కొత్త మైఎస్‌క్యూఎల్‌లో ఇంకా ఏమీ లేదు కాబట్టి, ఆ కంపోజ్ ఫోల్డర్‌లో నిలబడి ‘డాకర్ కంపోజ్ డౌన్ మైనస్ వీ’ అని కొట్టి, వాల్యూమ్‌తో సహా తుడిచేసి మొదటినుంచి లేపడమే సులువు. ఇది ఈ ఒక్క రోజుకు మాత్రమే చెప్పిన మాట. వ్యాసాలు అందులోకి ఎక్కించిన తర్వాత ఆ మైనస్ వీ మీ వేళ్ల దగ్గరికి రాకూడదు. ఉత్త ‘డౌన్’ కంటైనర్లనే తీస్తుంది, పేరు పెట్టిన వాల్యూములను ముట్టుకోదు.

మైఎస్‌క్యూఎల్ మొదటిసారి లేవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. అది సిద్ధం కాకముందే ఘోస్ట్ తలుపు తట్టి, తెరవకపోతే పడిపోతుంది. డేటాబేస్ సేవకు ‘హెల్త్‌చెక్’ (సిద్ధమైందా అని చూసే పరీక్ష) రాసి, ఘోస్ట్ కింద ‘డిపెండ్స్ ఆన్’లో ‘సర్వీస్ హెల్దీ’ అనే షరతు పెడితే అది ఓపిక పడుతుంది. రెండు సేవలకూ ‘రీస్టార్ట్: అన్‌లెస్ స్టాప్డ్’ అని రాస్తే మొన్నటి ఉదయం మళ్లీ రాదు. ఇమేజ్ పేరు పక్కన ‘లేటెస్ట్’ అని వదిలేయకండి. మీ పాత ఘోస్ట్ 5 అయితే 5 అనే రాయండి, 2025లో వచ్చిన 6కు తీరికగా, నకలు చేతిలో ఉన్నప్పుడు వెళ్లవచ్చు. మైఎస్‌క్యూఎల్ 8 పెట్టండి. మారియాడీబీ అనే డేటాబేస్ కూడా అలాంటిదే కదా అని కొందరు మారుస్తుంటారు. అసలైన వాడకానికి ఘోస్ట్ మద్దతిచ్చేది మైఎస్‌క్యూఎల్ 8కే.

ఒక్క సంగతి మరిచిపోయాను. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టాను కదా అని ధైర్యంగా ఉండకండి. డాకర్ తెరిచే పోర్టులు దాన్ని పక్కకు తప్పించుకుని బయటపడతాయి. కాబట్టి పోర్టు వరుసలో 2368 ముందు 127.0.0.1 అని చేర్చండి. ఇందాక మిమ్మల్ని ఏడిపించిన ఆ చిరునామా ఇక్కడ మాత్రం కాపలా కాస్తుంది. 3306కు అసలు పోర్టు వరుసే అవసరం లేదు. ఫైలును మీరు వాట్సాప్ ద్వారా మేనల్లుడికి పంపి తెప్పించుకుంటే, నిలువు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారాయేమో, ఖాళీల చోట ట్యాబ్ దూరిందేమో కూడా చూడండి. కంపోజ్ ఫైలు రాసే యామల్ పద్ధతికి ట్యాబ్ గిట్టదు.

కనిగిరి_వేప

పై ఇద్దరూ చెప్పినది సరైనదే అయినా, మాస్టారు తెలుగులో మాత్రమే రాస్తారు కాబట్టి ఘోస్ట్ లాంటిదే అయిన వర్డ్‌ప్రెస్ మేలు కాదా అని నా సందేహం. దానికి తెలుగు అనువాదం ఉంది, మారియాడీబీతోనూ నడుస్తుంది, కంటైనర్లు రెండే. నేను అయిదేళ్లుగా వాడుతున్నాను.

బయటివారు చదవడం గురించి చెబుతాను. ముందు మీ రూటర్ పేజీలో వాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ ఇంటర్నెట్ సంస్థ ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్నదని అర్థం. అలాంటప్పుడు రూటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా బయటినుంచి ఎవరూ మీ ఇంటి దాకా రాలేరు. నేను ఈ సంగతి తెలియక ఒక ఆదివారమంతా రూటర్‌తో కుస్తీ పట్టాను. దానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటిది. దాని కంటైనర్‌ను మీ కంపోజ్ ఫైలులోనే మూడో సేవగా చేర్చవచ్చు. అది లోపలినుంచి బయటికి దారి వేసుకుంటుంది కాబట్టి పోర్టు తెరవనక్కర లేదు, సొంత డొమైన్ పేరు ఉంటే చాలు. రెండోది, నెలకు కొంత అద్దె కట్టి బయట చిన్న సర్వర్ తీసుకుని, అక్కడే ఈ కంటైనర్లన్నీ పెట్టి, ముందు క్యాడీ అనే వెబ్ సర్వర్‌ను నిలబెట్టడం. 80, 443 పోర్టులు క్యాడీకి ఇస్తే, 90 రోజుల గడువుండే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ భద్రతా ధ్రువపత్రాన్ని అదే తెచ్చుకుని అదే పొడిగించుకుంటుంది.

ఏ దారి పట్టినా ఘోస్ట్‌కు ‘యూఆర్ఎల్’ విలువను అసలు డొమైన్‌తో, హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాయండి. అక్కడ ‘లోకల్‌హోస్ట్’ మిగిలిపోతే, మీ వ్యాసం లంకె నొక్కిన పాఠకుడు తన సొంత ఫోనులో వెతుక్కోవలసి వస్తుంది.

పెన్నాతీరం

కనిగిరి మిత్రమా, వర్డ్‌ప్రెస్‌ను తక్కువ చేయను గానీ, తెలుగు కోసమే అంటే ఒక చిక్కు చెప్పాలి. వర్డ్‌ప్రెస్ వ్యాసం పేరునుంచే లంకె తయారు చేస్తుంది, అది గరిష్ఠంగా 200 అక్షరాల గదిలో పట్టాలి. తెలుగులో ప్రతి సంకేతమూ యూటీఎఫ్-8లో మూడు బైట్లు, లంకెలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు, వెరసి తొమ్మిది. గుణింతమూ పొల్లూ వేరువేరు సంకేతాలే. ‘ఉదయగిరి కోట మెట్ల దారిలో ఒక ఉదయం’ అని మాస్టారు పేరు పెట్టారనుకోండి. ‘దారిలో’ దాకా 21 సంకేతాలు, 189 అక్షరాలు, మధ్యలో మూడు అడ్డగీతలు, అంతా 192. తర్వాతి ‘ఒ’కు చోటు లేదు. లంకె ‘దారిలో’ దగ్గర తెగిపోతుంది. ఇదేమీ ప్రాణం మీదికి వచ్చేది కాదు, లంకెను ప్రతిసారీ చేత్తో కుదించుకుంటే సరిపోతుంది. ఆయన వ్యాసాలు ఇప్పటికే ఘోస్ట్‌లో ఉన్నప్పుడు ఇల్లు మారడం ఎందుకన్నదే నా మాట.

కనిగిరి_వేప

ఆ తెగిన లంకెలు నా సైటులో నలభై దాకా ఉంటాయి. కారణం ఇన్నాళ్లకు తెలిసింది.

చీమకుర్తి_నల్లరాయి

మాస్టారూ, లోపలికి వెళ్లగలిగారని ఆశిస్తాను. ఇక ప్రతిరాత్రి నకలు సంగతి చూడండి. నడుస్తున్న మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌ను నేరుగా నకలు తీయకూడదు, సగం రాసిన పేజీలు వస్తాయి. ‘డాకర్ కంపోజ్ ఎగ్జెక్’ ద్వారా లోపలి ‘మైఎస్‌క్యూఎల్ డంప్’ను ‘సింగిల్ ట్రాన్సాక్షన్’ అనే ఎంపికతో నడిపి, వచ్చినదాన్ని బయటి ఫైలులోకి మళ్లించండి. వేళ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో పెట్టేటప్పుడు ‘ఎగ్జెక్’ తర్వాత మైనస్ పెద్ద టీ తగిలించడం మరవకండి, అక్కడ తెర ఉండదు కాబట్టి అది లేకుంటే పని చెడుతుంది. క్రాన్ మన సమయం చూసుకుంటుంది గానీ కంటైనర్ లాగ్‌లు సాధారణంగా అంతర్జాతీయ సమయంలో (యూటీసీలో) ఉంటాయి కాబట్టి అయిదున్నర గంటలు వెనక ఉంటాయి, అది దోషం అనుకోకండి.

నకలు ఆ కంప్యూటర్‌లోనే ఉంటే అది నకలు కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరులో, మా వైపు ఎన్ని ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో మీకు తెలియనిది కాదు. వేరే ఊళ్లో ఒక ప్రతి ఉంచండి. నెలకొకసారి ఆ ప్రతిని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి తెరిచి చూడండి. కంప్యూటర్‌కూ రూటర్‌కూ కలిపి ఒక చిన్న యూపీఎస్ కూడా కొనండి.

కావలి_మాస్టారు

పెన్నాతీరం గారు చెప్పినట్టు ఆ విలువ పెట్టగానే లోపలికి వెళ్లగలిగాను. 14 వ్యాసాలూ జేసన్‌గా తీసి, కంపోజ్‌తో లేపిన కొత్త ఘోస్ట్‌లోకి ఎక్కించాను. హోస్ట్ చోట ‘డీబీ’ అని రాశాక నిజంగానే ‘యాక్సెస్ డినైడ్’ వచ్చింది, వాల్యూమ్ తుడిచి లేపితే దారికి వచ్చింది. రూటర్‌లో వాన్ చిరునామా 100.72తో మొదలవుతోంది కాబట్టి టన్నెల్ దారే పట్టాను.

రెండో ప్రతి ఒంగోలులో మా అమ్మాయి ఇంటికి ప్రతిరాత్రి వెళ్లేలా మేనల్లుడు ఫోనులో కూర్చుని చేయించాడు. నిన్న ఆ ప్రతిని అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఎక్కించి చూశాం. వ్యాసాలన్నీ వచ్చాయి, ఉదయగిరి కోట ఫొటోల చోట మాత్రం ఖాళీ చట్రాలు కనిపించాయి. డేటాబేస్ పంపుతున్నాం గానీ ‘ఇమేజెస్’ ఫోల్డర్ పంపడం లేదని అప్పుడు తెలిసింది. దాన్ని కూడా రాత్రి పనిలో చేర్చాను. ఈ ఉదయం ఒంగోలు నుంచి ఫోను చేసి, కోట కనిపిస్తోందని చెప్పింది.